రాయని కౌలు

అశోక్ నగర్ కోచింగ్ సెంటర్లో గ్రూప్స్ రాసే పిల్లలకు నేను భూసంస్కరణలు చెబుతాను. రాతపూర్వక హక్కు లేని కౌలురైతు నేల మీద ఖర్చు పెట్టడని, అందుకే నేల పాడవుతుందని గొంతు చించుకుని చెబుతాను. మా పొలం సంగతి మాత్రం అక్కడ ఎత్తను. ఏ ముఖం పెట్టుకుని ఎత్తాలి?

జనగామ వైపు నాన్న నా పేరున పెట్టిన మూడెకరాలు ఉన్నాయి. ఒకామె, భర్తతో కలిసి, ఏళ్లుగా కౌలుకు చేస్తోంది. కాగితం లేదు. మా వాళ్లలో కౌలు రాసివ్వడమంటే భూమి రాసిచ్చినట్టే లెక్క. ఏటా ఉగాదికి నోటిమాట మీద ఖాయం చేసుకుంటాం, అంతే.

నిరుడు ఆమె చిక్కడపల్లిలో మా ఇంటికి వచ్చింది. "మందులేసి మందులేసి మట్టి రాయి లెక్క అయిందక్కా. వాన పడితే నీళ్లు ఇంకుతలేవు. పట్నంల ఉంటవు, జర ఎక్కడన్న సహాయం దొరుకుతదేమో చూడు" అంది.

నాకు ఎక్కడలేని హుషారు వచ్చింది. ఆమెను వెంటబెట్టుకుని బ్యాంకుకు వెళ్లాను, అక్కడ మొండిచెయ్యి చూపారు. హిమాయత్‌నగర్‌లో ఒక స్వచ్ఛంద సంస్థ చెరువు మట్టికి, పశువుల ఎరువుకు, గట్లకు డబ్బిస్తుందని తెలిస్తే అక్కడికీ వెళ్లాం. నా వాగ్ధాటికి వాళ్లు సరేనన్నారు. తిరిగొస్తూ నారాయణగూడలో ఆమెకు ఇరానీ చాయ్ తాగించి, "ఇగ పరేషాన్ కాకు, పైసలు వచ్చినట్టే" అన్నాను. ఆ పూట నా అంత గొప్పది లేదనుకున్నాను.

వారం తిరక్కుండా సంస్థ నుంచి ఫోను. ఐదేళ్ల కౌలు రాసివ్వాలట. "ఆమె బాగుచేసిన నేల ఆమె చేతిలో ఉండాలి కదా మేడం" అన్నాడు అక్కడి అధికారి. అక్షరాలా నా పాఠమే!

నల్లకుంటలో ఉండే తమ్ముడికి చెబితే ఎగిరిపడ్డాడు. "పిచ్చి లేసిందా అక్కా? భూమి రేట్లు ఎట్ల పెరుగుతున్నయో ఎరుకేనా? రేపు అమ్ముదామంటే ఆమెను బతిమాలాల్నా?" వాణ్ణి చెడామడా తిట్టి ఫోను పెట్టేశాను. సిగ్గులేనిదాన్ని, తిట్టింది వాణ్ణి, విన్నది వాడి మాటే. అధికారి ఫోను చేసినప్పుడల్లా "చూస్తున్నామండీ" అంటూ నాన్చాను. చివరికి ఆ డబ్బు వేరే ఊరికి పోయింది. ఆమెకు ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఈ ఎండాకాలం ఆమే ఫోను చేసింది. గొంతులో సంబరం.

"అక్కా, చెరువు ఎండింది. మల్ల వానలు పడితే మట్టి దొరకదని బర్రెను అమ్మి ట్రాక్టరు పెట్టిచ్చినం. మన పొలమంత మట్టి కొట్టిచ్చినం. నువ్వొచ్చి చూడాలె, ఎంత నల్లగుందో!"

"ఎందుకమ్మా అంత తొందర? సంస్థోళ్ల కాగితం వచ్చినంక చేస్తే అయిపోతుండె గద?"

"కాగితమేందక్కా? పైసలు వచ్చినట్టే అని నువ్వే అంటివి. మన మధ్యల ఎన్నడన్న కాగితాలున్నయా?" అని నవ్వింది.

నేనూ నవ్వాను. డబ్బు రాదని అప్పుడు కూడా చెప్పలేదు.