తలుపు తియ్యమంటే

వీధంతా పిన్నిగారని పిలిచే ఆవిడ ఓ మేడని భుజం మీద మోసింది. నమ్మకపోతే మీ ఖర్మ!

ఆ పాతింటి వంటగది ఇద్దరు ఎదురుపడితే ఒకరు వెనక్కి నడవాల్సినంత ఇరుకు. పొయ్యి జరిపించడానికి మేస్త్రిని పిలిపించి, ఎటు జరపాలో తేల్చడానికి పిన్నిగారు నేలమీద సుద్దతో గీసింది. పెరటి తలుపు దానికి తగులుతుందేమో చూద్దామని, "మేస్త్రీ, ఆ తలుపు తియ్యి" అని చెప్పి, మేడమీద మంచాన పడి ఉన్న అత్తగారికి మంచినీళ్లివ్వడానికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి మేస్త్రి తీసేశాడు, ద్వారబంధంతో సహా!

గోడ బరువంతా ఆ ద్వారబంధం మీదే ఉంది. నెత్తిన పటపటమని చప్పుడై మట్టి రాలింది. సరిగ్గా ఆ పైనే అత్తగారి మంచం. పిన్నిగారి పైప్రాణాలు పైనే పోయాయి.

"తియ్యమంటే తెరవమని, నాయనా!"

"ఆ ముక్క ముందే చెప్పొద్దా అమ్మా!" అంటూ మేస్త్రి ఊతానికి దుంగ తేవడానికి పరిగెత్తాడు.

"ఏమిటే ఆ చప్పుడు?" అంది పైనుంచి అత్తగారు.

"ఏం లేదత్తయ్యా, మీరు కదలకండి!"

"కదలగలిగితే నీతో పనేమిటే నాకు?"

దుంగ నిలబెట్టేదాకా పిన్నిగారి భుజం గోడకే ఉంది. మేడ నిలిచింది. అదంతా ఆవిడ బలమేనని వీధి వీధంతా పొగిడితే ఆవిడ అంది: "మోసిందీ లేదు, పాడూ లేదు. భయానికి కాళ్లాడక గోడకి ఆనుకున్నాను."