తెర వెనక మారని వైరు

లిఫ్టు బాబాయి చెవుల గురించి ఆ భవనంలో చెప్పుకునే కథల్లో సగం ఆయన పుట్టించినవే. మిగతా సగానికి ఆయన అడ్డు చెప్పలేదు. లిఫ్టు కదిలే చప్పుడు విని, మంచం దిగకుండానే అది ఏ అంతస్తులో ఆగిందో చెప్పేస్తాడు. ఇది నిజం. ఓసారి జలుబు చేసి ఆయన చెవులు మూసుకుపోతే, ఊళ్లో లిఫ్టులన్నీ భయపడి మెట్లెక్కి వెళ్లాయట. ఇది ఆయన చెప్పింది.

పగలంతా లిఫ్టులు బాగుచేస్తూ వాటి చీకటి గోతుల్లో తీగలతో మాట్లాడి, సాయంత్రం నాలుగో అంతస్తులోని తన గదికొచ్చి మళ్లీ తీగలతోనే మాట్లాడే ఒంటికాయ శొంఠికొమ్ము. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగితే, "చూద్దాం చూద్దాం అంటుండగానే చూపు మందగించిందిరా" అని నవ్వేసేవాడు. గదిలో ఓ మంచం, నిలువెత్తు స్పీకర్లు రెండు, కుర్చీలు నాలుగు. ఆయనకో కుర్చీ చాలు. మిగతావి ఆదివారం కోసం.

ఆదివారం మధ్యాహ్నం పళ్ల డాక్టరు, టైలరు వచ్చేవారు. వాళ్ల తగువు ఒక్కటే: స్పీకర్లకు ఖరీదైన వైరు వేస్తే పాట బాగుపడుతుందా? పడుతుందని బాబాయి, పడదని డాక్టరు. టైలరు ఎవరు టీ పోస్తే వాళ్ల వైపు. కళ్లు చూస్తుంటే చెవులు అబద్ధమాడతాయని, టైలరు గుడ్డముక్కలన్నీ కలిపి ఓ తెర కుట్టిపెట్టాడు. ముందు పాత వైరుతో పాట. తర్వాత బాబాయి తెర వెనక్కి వెళ్లి కొత్తది తగిలించి వస్తే మళ్లీ అదే పాట. తేడా లేదన్నవాడు టీ గ్లాసులు కడగాలి. ఆ నియమం ఎవరు పెట్టారో వేరే చెప్పాలా? డాక్టరు కడిగీ కడిగీ, తన క్లినిక్‌లో పళ్లకంటే బాబాయి ఇంట్లో గ్లాసులే ఎక్కువ మెరిశాయి.

అలాంటి ఓ ఆదివారం బాబాయి కొత్త వైరు తెచ్చాడు. దాని ఖరీదుకు మోటారు సైకిలొస్తుంది. లావెంతంటే, మెట్ల కింద పిల్లి దాన్ని చూసి కొండచిలువనుకుని వారం దాకా ఇటు తొంగి చూడలేదు.

"డాక్టరూ, ఇవాళ నీ చెవుల తుప్పు రాలిపోతుంది చూడు."

"నాకు చెవులు బాగానే ఉన్నాయి బాబాయ్. నీ పర్సుకే పన్ను పుచ్చింది."

పాత వైరుతో పాట అయింది. బాబాయి తెర వెనక్కి వెళ్లి వంగాడో లేదో తలుపు చప్పుడైంది. టైలరు బావమరిది, భార్యనీ అత్తగారినీ వెంటబెట్టుకుని వచ్చాడు. ముగ్గురూ భారీ మనుషులే. చెప్పులు విడుస్తున్న చప్పుడు. మంచం కిర్రుమంది. "ఇదిగో, ఇటు జరగవే" అని ఎవరో అన్నారు. గాజులు గలగలలాడాయి. "ఇంటాయనేడీ?" అని అత్తగారు అడిగితే, "తెర వెనక ఉన్నాడత్తా, నాటకంలో రాజులాగ" అన్నాడు టైలరు. గది గొల్లుమంది.

తన గది అన్ని చప్పుళ్లు చేయగలదని బాబాయికి తెలీదు. వంగినవాడు వంగినట్టే విన్నాడు. ఎంతసేపు విన్నాడో ఏమో, "బాబాయ్, నిద్రపోయావా?" అన్న కేకకు ఉలిక్కిపడి బయటికొచ్చి, పాట పెట్టాడు.

పాట మెత్తగా, నిండుగా వచ్చింది. వయొలిన్ అంచులు ఎవరో అరచేత్తో నిమిరినట్టున్నాయి. పాటయ్యాక డాక్టరు చేతులెత్తేశాడు.

"ఒప్పుకున్నా బాబాయ్. తేడా ఉంది. నువ్వే గెలిచావ్. ఇంక మనకు తగువు లేదు."

అందరూ వెళ్లిపోయాక బాబాయి తెర తీశాడు. కొత్త వైరు నేలమీద చుట్ట చుట్టినట్టే ఉంది. పాతదే పాడింది.

ఆయన నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు. మళ్లీ పాట పెట్టాడు. ఉత్త గది పాటని గోడ నుంచి గోడకు విసిరింది. కొత్త వైరు తగిలించి పెట్టాడు. అలాగే విసిరింది. వైరు వంకా, ఖాళీ మంచం వంకా, ఖాళీ కుర్చీల వంకా చూశాడు. లిఫ్టుల గోతుల్లో బతికినవాడికి ఉత్త గోడలు చప్పుణ్ని ఏం చేస్తాయో ఒకరు చెప్పాలా? లేచి, మనుషులకు బదులు మంచం మీద దుప్పట్లు కుప్పగా పోశాడు. కుర్చీలకు తన చొక్కాలు తొడిగాడు. పాట రవ్వంత మెత్తబడింది. రవ్వంతే.

తర్వాతి ఆదివారం ఎవరూ రాలేదు. తేలిపోయిన తగువుకు ఎవరొస్తారు? ఆ పైవారం కూడా చూసి, ఫోన్ చేశాడు.

"డాక్టరూ, ఆ రోజు నేను వైరు మార్చలేదయ్యా. మరిచిపోయాను."

గొప్పలు చెప్పే నోటికి ఆ మాట ఎంత బరువో. అవతల డాక్టరు పగలబడి నవ్వాడు. "అంటే గెలిచింది నేనన్నమాట!"

"నువ్వెలా గెలుస్తావ్? తేడా ఉందన్నావుగా."

"ఔనే! మరి దేనివల్లంటావ్?"

"ఫోన్లో చెప్పేది కాదు. వచ్చి వినాలి. టైలర్నీ తీసుకురా. వాళ్ల బావమరిదినీ, ఆ అత్తగారినీ కూడా. అందరూ రావాలి, లేకపోతే వినపడదు."

"అత్తగారెందుకు బాబాయ్, ఆవిడేమైనా వైరా?" డాక్టరు మళ్లీ నవ్వి, ఎవరో పిలిచినట్టున్నారు, "ఈ ఆదివారం చూద్దాం బాబాయ్, చూద్దాం" అని పెట్టేశాడు.

ఆదివారం మధ్యాహ్నం బాబాయి గ్లాసులన్నీ తానే కడిగి బోర్లించాడు. కుర్చీల మీది చొక్కాలు తీసి మడతపెట్టాడు. తలుపు ఓరగా తెరిచి కూర్చున్నాడు. పాట పెట్టలేదు, లిఫ్టు విన్నాడు. కింద తలుపు పడింది. బరువు బాగానే ఉంది, ఒక్కరు కాదు. రెండు దాటింది. మూడు దాటింది. బాబాయి లేచి నిలబడ్డాడు.

నాలుగూ దాటింది. ఐదులో ఆగింది. పైన ఎవరింట్లోనో చెప్పులు విడుస్తున్నారు.

సందె చీకటి పడేదాకా అలా విని, బాబాయి మడతపెట్టిన చొక్కాలు తెచ్చి కుర్చీలకు తొడిగాడు. ఒకదాని కాలరు వంకరగా ఉంటే సరిచేసి, పాట పెట్టాడు.