బేసింగ్‌స్టోక్‌లో తేనెపిట్ట

ఒకే ఒక్క మాటతో కన్నకూతురి పరువు ఎలా తీశానో చెబుతాను. నవ్వుకోండి, ఫరవాలేదు. మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

ఇంగ్లండులో, బేసింగ్‌స్టోక్ ఊళ్లో ఈ ఇంటికి మారిన కొత్త. జులైలో ఓ సాయంత్రం లావెండర్ పూల ముందు చిన్న ప్రాణి ఏదో గాల్లోనే నిలబడి, సన్నటి ముక్కు పూలో పెట్టి తాగుతోంది. తెనాలిలో మా పెరటి మందారాల దగ్గర తిరిగేదే ఇది అనుకుని, "ఆద్యా, తేనెపిట్ట!" అని అరిచాను.

ఏడేళ్ల ఆద్య పరుగెత్తుకొచ్చింది. "డాడీ, వాట్ ఈజ్ తేనెపిట్ట ఇన్ ఇంగ్లిష్?"

తెలియదంటే అయిపోయేది. తండ్రిని కదా, ఎలా అంటాను? "హమ్మింగ్‌బర్డ్" అన్నాను.

మర్నాడు క్లాసులో చెప్పింది. అవి అమెరికా వైపే తప్ప ఇక్కడ ఉండవమ్మా అని టీచర్ మెత్తగానే చెప్పారట. పక్కన కూర్చునే పిల్ల మాత్రం "లయర్" అనేసిందట. ఆద్య ఏడుస్తూ ఇంటికొచ్చింది. నాకు ప్రాణం ఉసూరుమంది. అప్పుడైనా తప్పు ఒప్పుకోవాలా?

"శనివారం ఆ పిల్లనీ, నీ ఫ్రెండ్స్‌నీ ఇంటికి పిలువు. కళ్లారా చూపిస్తా!" అన్నాను.

పిట్టల కోసం ఎర్రటి ఫీడర్ తెప్పించాను. అందులో పంచదార నీళ్లు పొయ్యమని రాసుంది. పంచదార కంటే బెల్లం మంచిది కదా అని బెల్లం కలిపాను. చెయ్యి ఊరుకోక యాలకులూ మిరియాల పొడీ కూడా వేశాను.

"ఇది పిట్టలకా, శ్రీరామనవమికా?" అంది నా భార్య లలిత.

"నువ్వు చూస్తూ ఉండు."

శనివారం ముగ్గురు పిల్లలొచ్చారు. పిట్ట రాలేదు. కందిరీగలొచ్చాయి, ఊరంతటికీ భోజనాలని ఎవరో చాటింపు వేసినట్టు. పిల్లలు కేకలు పెడుతూ కిచెన్‌లోకి పారిపోయారు. నేను టవల్ ఝళిపిస్తూ ఫీడర్ చుట్టూ గెంతుతుంటే, పక్కింటి జూన్ ఆంటీ ఫెన్స్ మీదుగా తొంగిచూసి, "యు ఆల్‌రైట్, లవ్?" అంది.

సరిగ్గా అప్పుడే లావెండర్ మీదికి అదొచ్చింది.

"అదిగో! హమ్మింగ్‌బర్డ్!"

"నో డియర్, దట్స్ ఎ మాత్," అంది జూన్ ఆంటీ. దాని పేరే హమ్మింగ్‌బర్డ్ హాక్-మాత్ అట. ఏటా ఎండలు రాగానే సముద్రం దాటి వస్తుందట. అంటే నేను పిట్టా పిట్టా అని ఇంతమందిని పిలిచి చూపించింది రెక్కల పురుగుని! పిల్లలు మాత్రం కిటికీ అద్దానికి ముక్కులు ఆనించి నోరు తెరుచుకుని చూస్తున్నారు.

సోమవారం ఆద్య హుషారుగా ఇంటికొచ్చింది.

"క్లాసులో ఏం చెప్పావమ్మా?"

"ఇట్స్ ఎ మాత్ అని చెప్పా. నన్ను లయర్ అన్న అమ్మాయి సారీ చెప్పింది. ఐ టోల్డ్ దెమ్, మై డాడ్ డజంట్ నో ఇంగ్లిష్."

పదేళ్లుగా ఈ దేశంలో ఇంగ్లీషులోనే మీటింగులు నడుపుతున్నవాణ్ని. ఆ సారీ చెప్పిన పిల్లకి నా మీద బాగా జాలేసిందట కూడా.

అందుకని మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట రెక్కలున్నది ఏది ఎగిరినా, ఆఖరికి కాకైనా సరే, దాని ఇంగ్లీషు పేరు అడిగితే నా నోటి వెంట ఒకటే జవాబు వస్తుంది: "అమ్మనడుగు."