పులిహోరకు కాపలా

మా పెద్దత్త పోయింది. వాన దంచికొడుతున్న పూట, రాజ్‌కిశోర్ నగర్‌లోని తన ఇంట్లో, మంచం మీద కూర్చుని చాయ్ తాగుతూ పోయింది. మావయ్య ఫోన్ చేసేసరికి నేను బ్యాంకు కౌంటర్లో ఉన్నాను. "మీ అత్త ఎల్లిపోనాదమ్మా" అన్నాడు.

పన్నెండో రోజు అయ్యాక, ఈ హిందీ ఊళ్ళో స్థిరపడ్డ మా తెలుగువాళ్ళు సంతాపసభ పెట్టారు. రైల్వేలో రిటైరైన పెద్దలకి మైకు కనబడితే చాలు, ఇక ఆగరు. ఒకాయన పెద్దత్తని "జలపాతంలా నిరంతరం ప్రవహించిన తల్లి" అన్నాడు. వంటింటి గడప దాటడానికి గోడ పట్టుకునే మనిషి ఆవిడ. ప్రవాహమట! ఇంకొకాయన, ఏటా కార్తీక వనభోజనాలకి ఆమె ఎంత ఉత్సాహంగా జలపాతానికి వచ్చేదో చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు. ఈ మహానుభావుడు ఆమె చేసిన పులిహోర మూడుసార్లు వడ్డించుకునేవాడే తప్ప, ఆమె తిందో లేదో ఒక్కసారీ అడిగిన పాపాన పోలేదు.

ఆ వనభోజనాల భాగోతం చెప్పాలి. పెండ్రా రోడ్డు స్టేషను దాకా రైలు, అక్కణ్ణుంచి జీపులు. అటవీశాఖ వాళ్ళ పార్కు. గేటు దగ్గర టిక్కెట్లు, లోపల రంగు వెలిసిన సిమెంటు జింకలు, చెట్ల నిండా కోతులు. జలపాతం చూడాలంటే నూటచిల్లర మెట్లు దిగాలి. అందరం దిగేవాళ్ళం. గిన్నెల దగ్గర, చెప్పుల దగ్గర, చేతిలో కర్రతో పెద్దత్త ఉండిపోయేది. "నువ్వుండు, కోతులొస్తాయి" అనేవాడు మావయ్య. ఏటా అదే మాట. ఒక్క ఏడాదైనా ఆ మాట ఇంకొకరితో అనొచ్చని మాలో ఒక్క బుర్రకీ తట్టలేదు. తడిసి ముద్దయి, గంగని మేమే భూమికి దించినట్టు కేకలేసుకుంటూ పైకొచ్చి, విస్తళ్ళ ముందు కూర్చునేవాళ్ళం.

"ఏటత్తా, జలపాతం అంత బాగుంటే నువ్వొచ్చి చూడవేటి" అన్నాను ఒకసారి. అప్పటికి నాకు ఉద్యోగం వచ్చింది, బుద్ధి మాత్రం రాలేదు.

పెద్దత్త నన్ను ఎగాదిగా చూసింది. "నీళ్ళు కిందకే కదే పడతాయి? పైకి పడిననాడు కబురెట్టు, వొస్తాను. మన కాలనీ ట్యాంకు నిండి కారితే అంతకన్నా లావు దార."

అందరం నవ్వాం. ఆమెకి ఇలాంటివి పట్టవని తేల్చేశాం. అలా తేల్చేసుకుంటే మాకు హాయిగా ఉండేది. మా అమ్మ ఆసుపత్రి డ్యూటీకి వెళ్తే నాకు జడలేసి, అన్నం పెట్టి బడికి పంపింది ఈ పెద్దత్తే. ఆమెకేం కావాలో తెలుసుకునే తీరిక నాకూ లేకపోయింది.

సభ నుంచి ఇంటికొచ్చాక మావయ్య కూడా మొదలెట్టాడు. "దానికి ఆ జలపాతమంటే పేనం. దాని పేరు మీద అక్కడో సిమెంటు బెంచీ ఏయిద్దాం."

"అత్త ఎన్నిసార్లు చూసింది మావయ్యా?"

"ఏటా వొచ్చీది కదమ్మా."

"వచ్చేది. చూసిందెప్పుడు?"

ఆయన కళ్ళజోడు తీసి కండువాతో తుడవడం మొదలెట్టాడు. నాకు జాలి వెయ్యలేదు. నా మీద కూడా వెయ్యలేదు.

నిజానికి ఒక్కసారి చూసింది. ఈ వేసవిలోనే. అప్పడాలు వేయిస్తూ, నా వైపు తిరక్కుండానే అడిగింది: "ఆ మెట్లకి పట్టుకోడానికి ఊచలున్నాయేటే?" నాకు తల కొట్టేసినట్టయింది. మర్నాడే సెలవు పెట్టి తీసుకెళ్ళాను. నడి మే నెలలో జలపాతానికి! అదీ నా తెలివి.

నాలుగేసి మెట్లకోసారి కూర్చుంటూ దిగింది. కింద బండ మీద చారలా కాస్త తడి, అడుగున చిన్న మడుగు. అంతే.

పెద్దత్త చాలాసేపు తలెత్తి చూసింది. "దీనికోసమేటే, ఇన్నేళ్ళూ నన్ను కోతులకి వొదిలీసి ఎల్లినారు?"

వానలు పడ్డాక మళ్ళీ వద్దామన్నాను. ఆమె వినిపించుకోలేదు. కుచ్చిళ్ళు కాస్త ఎత్తి పట్టుకుని, మడుగులో కాళ్ళు పెట్టుకుని, ఎండిన బండకి సరిగ్గా ఎదురుగా కూర్చుంది. సెల్ఫీల కోసం వచ్చిన కుర్రాళ్ళు "మాతాజీ, థోడా సైడ్ హో జాయియే" అన్నారు.

"జరగను. మీరే జరగండి" అంది, తెలుగులోనే.

వాళ్ళకేం అర్థమైందో గాని, ఇక అడగలేదు. ఆ పూట అక్కడ ఎవరు ఫోటో తీసుకున్నా, నట్టనడుమ మా పెద్దత్త ఉంది.