అక్క కోసం సూది వేయించుకున్న కప్ప

ఆ రోజుల్లో గర్భం నిలిచిందో లేదో తెలుసుకోడానికి ఖరగ్‌పూర్ ఆసుపత్రిలో ఆడవాళ్ల మూత్రాన్ని మగకప్పకు సూదితో ఎక్కించి చూసేవారు. ఈమధ్యే పోయిన మా అక్కకు అప్పటికి రెండుసార్లు కడుపు పోయింది. మళ్లీ నెల తప్పింది. అయినా ఆ పరీక్షకు ఒప్పుకోలేదు.

“చేపలు తింటావు, కప్ప మీద జాలేటే?” అంది అత్తగారు.

“చేపని ఆకలికి తింటాం అత్తా. ఇది ఆత్రానికి. నెల్లాళ్లాగితే మనకే తెలుస్తాది.”

ల్యాబులో పనిచేసే పొరుగింటి మావయ్య నచ్చజెప్పాడు. “అది సావదమ్మా. సూదేసినాక వారం సెలవిస్తాం.”

“వర్క్‌షాపులో నాకే దొరకదు సెలవు,” అన్నాడు రైల్వేలో పనిచేసే బావ.

అక్క నవ్వి ఒప్పుకుంది. మర్నాడు మావయ్య సైకిలు దిగకముందే అడిగింది.

“కప్పెలాగుంది?”

“గెంతుతున్నాది. నీ సంగతి అడగవేటమ్మా?”

“అదడగడానికే భయంగా ఉంది మావయ్యా.”

“భయం మానీ. నిలిచినాది.”