మసి విలువ

అమెరికాలోని మోంటానాలో ఆర్లిస్ తన వేట తూటాలు తనే నింపుకుంటాడు. ఈసారి పేలిన తూటాల ఖాళీ ఇత్తడి గొట్టాలను అతని భార్య వెల్డా అడగకుండానే లోపలా బయటా తోమి బంగారంలా మెరిపించింది. పాపం, అతను వాటిలో గుండ్లు దించి చూశాడు. గొట్టం మూతి లోపల కాస్త మసి ఉంటేనే గుండు జారి సమంగా కూర్చుంటుంది. ఇప్పుడు ఒకటి తేలిగ్గా దిగితే ఇంకోటి మొండికేస్తోంది. గుండు జారేందుకు ఒక్కో మూతినీ నల్లటి గ్రాఫైట్ పొడిలో ముంచసాగాడు.

"మళ్ళీ నల్లగా చేస్తున్నావేంటి?" అంది వెల్డా.

"అది మురికి కాదే. కాస్త ఉండాలి."

"పోయినేడు మా అమ్మ ఇనప పెనాన్ని సబ్బేసి, నూనె పట్టిన నలుపంతా పోయేలా తోమావే, అప్పుడు నేనూ ఇదే చెప్పా. నువ్వు నవ్వావ్."

ఆర్లిస్ చేతులు కడుక్కొచ్చి, ఆ పెనం అందుకుని నూనె రాయడం మొదలుపెట్టాడు.