పడవ మీద బూటుకాలు

మా ఓడ అండమాన్‌లో ఒక చిన్న దీవి ముందు ఆగింది. మమ్మల్ని ఒడ్డుకు చేర్చడానికి పడవలు వచ్చాయి. నేను పడవ అంచు మీద బూటుకాలు పెట్టగానే, దాన్ని నడిపే ముసలాయన బూట్లు విప్పమని హిందీలో అన్నాడు. వెనక జనం ఆగిపోయారు. నాకు చిన్నతనమనిపించింది.

"వీడికెంత పొగరో చూడు," అన్నాను మా ఆవిడతో, తెలుగులో.

ఆయన నవ్వాడు. "పొగరు కాదు బాబూ. మాది సిక్కోలు. మీదేవూరు?"

"నెల్లిమర్ల దగ్గర. వ్యవసాయం," అన్నాను తలవంచుకుని.

"మరి నాగలిని బూటుకాల్తో తొక్కుతారేటి? మాకిదే నాగలి. ఇప్పండి, ఎండెక్కిపోతన్నాది."

నాగలికి కాలు తగిలితే కళ్లకద్దుకునే ఇంట్లో పుట్టినవాణ్ణి నేను. బూట్లు విప్పాను గాని, తప్పయిందని అనలేదు. దీవి చేరాక ఆయనే చెయ్యి అందించి దింపాడు.

తిరిగి వెళ్లేటప్పుడైనా తప్పయిందని చెబుదామని, ముందే బూట్లు చేత్తో పట్టుకుని ఒడ్డున నిలబడ్డాను. వచ్చింది వేరే పడవ. "పర్వాలేదు సార్, వేసుకునే ఎక్కండి," అన్నాడు దాన్ని నడిపేవాడు హిందీలో.

వేసుకోలేదు. ఓడ చేరేదాకా వాటిని ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాను.